చిన్న ఇంటికి రంగు కడుగు



ఈ వేళ నేను చెప్పబోయేది వంట గురించి కాదు, కుట్టుపని గురించీ కాదు. రంగును పలచన చేసుకోవడం గురించి. "అందులో చెప్పడానికేముందమ్మా, ఇన్ని నీళ్లు పోస్తే అదే పలచనవుతుంది" అంటారేమో. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. అనుకుని, మా అమ్మాయి మూడు వారాలు కూర్చుని చేసిన బొమ్మ ఇంటికి ఒక గోడ పాడుచేశాను. ఆ పాడుచేసిన గోడ నేర్పిన పాఠమే ఇప్పుడు మీతో చెప్పుకుంటాను.

ముందు ఆ ఇల్లు ఎవరిదో చెప్పాలి. మా అత్తగారిది కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు. 1981లో శ్రీశైలం జలాశయం నీళ్లు వచ్చినప్పుడు మునిగిపోయిన ఊళ్లలో అదొకటి. ఆవిడ ఆ ఇంట్లో కోడలిగా కాలుపెట్టారు, ముగ్గురు పిల్లల్ని కన్నారు, ఒకరోజు పొద్దున దూలాలూ తలుపులూ ఊడదీసి బండ్ల మీద వేసుకుని వచ్చేశారు. ఆ తరవాత మళ్లీ అటు వెళ్లలేదు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, చుట్టుపక్కల వాళ్లంతా చూడటానికి పోతారు. "మీరూ వస్తారా అత్తమ్మా" అని ఎన్నోసార్లు అడిగాం. "నాకేం పనుంది ఆడ?" అంటారు. అంతే. ఊరి మాట ఎత్తితే చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంటారు.

ఆ ఇంటికి మిగిలింది ఒక్క ఫోటో. మా వారి మేనత్త పెళ్లినాటిది, నలుపూ తెలుపూ. ముందు చుట్టాలు నిలబడి ఉంటారు, వాళ్ల వెనకాల ఇల్లు. మట్టి మిద్దె. వీధి వాకిలికి అటూ ఇటూ రెండు అరుగులు, సున్నం కొట్టిన రాతిగోడ, కింద జాజు పట్టె, పైన మిద్దె మీది వాననీళ్లు జారిపోవడానికి రెండు రాతి దోనెలు.

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఆ మధ్య స్నేహితురాళ్లతో నాగార్జునకొండ మ్యూజియానికి వెళ్లొచ్చింది. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిన లోయను, అక్కడ తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాలను కొలత ప్రకారం చిన్నవిగా చేసి ఆ మ్యూజియంలో పెట్టారు. అది చూసి వచ్చి, "అమ్మా, అంత పెద్ద లోయనే నమూనా చేసి పెట్టారు. మన అవ్వ ఇల్లు ఒక్కటి చేయలేమా?" అంది. నాకూ బాగుందనిపించింది.

ఒకటికి యాభై కొలతలో చేసింది. అంటే అసలు ఇంట్లో యాభై సెంటీమీటర్లు ఉన్నది బొమ్మలో ఒక్క సెంటీమీటరు. ఇరవై నాలుగు అడుగుల ముందు గోడ పద్నాలుగున్నర సెంటీమీటర్లయింది. మనిషి తల వంచి పోవలసిన అయిదున్నర అడుగుల వాకిలి మూడు సెంటీమీటర్ల మీద కాస్త. మౌంట్ బోర్డు కోసి గోడలు నిలబెట్టింది. పైన పలచగా వాల్ పుట్టీ పూసి, పచ్చిగా ఉండగానే సూదితో రాళ్ల సందులు గీసింది. మిద్దె మీదికి ఫెవికాల్ నీళ్లు పూసి జల్లెడ పట్టిన మట్టి చల్లింది. కొలతలు తెలియని చోట అవ్వను అడిగింది. ఆవిడ మాత్రం "ఇంత ఉండె", "అంత ఉండె" అని చేతులతో చూపించారు. "తలుపుకు ఏ రంగు అవ్వా?" అంటే "తలుపు రంగే" అన్నారు.

గోడలకు తెల్ల యాక్రిలిక్ రంగు, జాజు పట్టెకు ఎరుపు, తలుపుకు నీలం వేసి, తీసుకెళ్లి అత్తగారి ముందు పెట్టాం. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని అటూ ఇటూ చూశారు. "శానా బాగుంది. ఎవురిల్లు మ్మే ఇది?" అన్నారు.

మా అమ్మాయి మొహం చూడలేకపోయాను. ఎగతాళికి అన్న మాట కాదది. నిజంగానే ఆవిడకు తెలియలేదు. మర్నాడు అమ్మాయి హాస్టలుకు వెళ్లిపోతూ, "అమ్మా, తప్పు కొలతల్లో లేదు, రంగులో ఉంది. వాష్ వేయాలి. నువ్వు వేసి చూడు" అని చెప్పి వెళ్లింది.

వాష్ అంటే ఏమిటి? మనకు బాగా తెలిసిన మాట చెప్పాలంటే, కడుగు. బియ్యం కడిగిన నీళ్లను బియ్యం కడుగు అంటాం చూడండి, అలా రంగు బాగా నీళ్లలో కలిసి తేటగా ఉండేది రంగు కడుగు. దాన్ని బొమ్మ మీద వేస్తే ఎత్తుగా ఉన్నచోట నిలవదు, జారి సందుల్లోకి, మూలల్లోకి చేరుతుంది. ఆరాక ఆ సందుల్లో నల్లగా నీడ పడినట్టు కనిపిస్తుంది.

ఆ నీడ ఎందుకు వేయాలి, వెలుతురు పడితే దానంతటదే పడదా అని మీరు అడగవచ్చు. పెద్ద ఇంట్లో పడుతుంది. అంగుళం లోతున్న రాతి సందులో ఎంత ఎండలోనైనా కాస్త చీకటి ఉంటుంది. అదే సందు యాభయ్యో వంతుకు తగ్గితే అర మిల్లీమీటరు. అంత చిన్న సందులో కంటికి ఆనేంత నీడ పడదు. అందుకే కొత్తగా రంగువేసిన బొమ్మ ఎంత కొలతలో ఉన్నా, పంచదార చిలకలా ఒకే తెలుపుగా కనిపిస్తుంది. మనం చేత్తో నీడ వేసి కంటికి సాయం చేయాలి. ఇదీ వాష్ వెనక ఉన్న సంగతి.

ఇక నా నిర్వాకం వినండి. నల్లరంగు గొట్టం పిండి, గ్లాసులో సగం నీళ్లు పోసి, పెద్ద కుంచెతో వెనక గోడంతా ఒక్కసారి పూసేశాను. అక్కడక్కడ తామరాకు మీద నీటిబొట్టులా ముద్దలు కట్టి నిలిచింది. తక్కిన చోట మడుగులయింది. తెల్లవారి చూస్తే, బల్ల మీద కాఫీ గ్లాసు పెట్టి తీస్తే గుండ్రంగా మరక మిగులుతుంది చూడండి, గోడంతా అలాంటి మరకలే. వేలితో రాస్తే నల్లపొడి చేతికి అంటింది. ఇల్లు పాతబడినట్టు లేదు, పొయ్యిలో పెట్టి తీసినట్టుంది.

ఎందుకిలా అయిందో తెలియాలంటే యాక్రిలిక్ రంగు సంగతి కొంచెం తెలియాలి. 1950లలో అమెరికాలో చిత్రకారుల కోసం నీళ్లతో కలిసే యాక్రిలిక్ రంగులు అమ్మకానికి వచ్చాయి. ఇప్పుడు మన స్టేషనరీ దుకాణాల్లో దొరికే చిన్న సీసాలు, చీరల మీద పువ్వులు వేసుకునే రంగులు చాలావరకు ఈ జాతివే. ఇందులో మూడు వస్తువులుంటాయి. రంగుపొడి, నీళ్లు, ఆ పొడిని పట్టి ఉంచే యాక్రిలిక్ జిగురు. నీళ్లు ఆరిపోగానే జిగురులోని సన్నని రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పలచని పొరవుతాయి. ఒకసారి పొరయ్యాక మళ్లీ నీళ్లు పోసినా కరగదు. ఫెవికాల్ తెల్లగా ఉండి ఆరాక తేటగా గట్టిపడుతుందే, దాదాపు అలాంటిదే.

ఇప్పుడు చెప్పండి, మరీ ఎక్కువ నీళ్లు పోస్తే ఏమవుతుంది? రంగుతోపాటు జిగురూ పలచనవుతుంది. పొడిని పట్టి ఉంచే బలం దానికి చాలదు. జిగురు కలపకుండా గోడకు సున్నం కొడితే ఆనుకున్న వాళ్ల వీపుకంతా అంటదూ? నా గోడకు పట్టిన గతి అదే.

మరి ఎంత కలపాలి? గ్లాసు లెక్క వద్దు, చుక్కల లెక్క పెట్టుకోండి. పిల్లల మందు సీసాతో వచ్చే డ్రాపరు కడిగి ఈ పనికి ఉంచుకోండి. మొదట వేసే అసలు రంగుకు రెండు పాళ్లు రంగు, ఒక పాలు నీళ్లు చాలు, చిక్కని పాలలా ఉంటుంది. కడుగుకు మాత్రం ఒక చుక్క రంగుకు ఎనిమిది చుక్కల నీళ్లతో మొదలుపెట్టండి. తేలికగా కావాలంటే పది దాకా వెళ్లవచ్చు. ఒక్కో కంపెనీ రంగు ఒక్కో చిక్కదనంలో ఉంటుంది కనక ఇది మొదలుపెట్టడానికి లెక్కే కాని, కచ్చితమైన కొలత కాదు. బియ్యం మొదటిసారి కడిగిన నీళ్లు తెల్లగా చిక్కగా ఉంటాయి, రెండోసారివి పలచగా ఉంటాయి. మనకు కావలసింది ఆ రెండో కడుగు.

చూసి తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. పాత దినపత్రిక మీద ఒక గీత గీయండి. కింది అక్షరాలు తేటగా చదవగలిగితే సరిపోయింది. అక్షరాలు మసకబారితే ఇంకో రెండు చుక్కలు నీళ్లు పడాలి. ఆరాక వేలితో రాసి చూడండి. పొడి అంటితే నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట.

మరి పలచగానూ ఉండాలి, జిగురూ తగ్గకూడదు, ఎలా? దీనికి రంగుల దుకాణంలో యాక్రిలిక్ మీడియం అని అమ్ముతారు. రంగులేని వట్టి జిగురు అది. ఎనిమిది చుక్కల నీళ్లకు బదులు నాలుగు చుక్కలు మీడియం, నాలుగు చుక్కలు నీళ్లు పోయండి. రంగు పలచనవుతుంది, పట్టు తగ్గదు. మెరుపు లేని మ్యాట్ మీడియం అడిగి తీసుకోండి. మట్టి ఇంటికి మెరుపు బాగుండదు.

ముద్దలు కట్టి నిలవడానికి మందు మన వంటింట్లోనే ఉంది. నీటికి తనలో తాను ముడుచుకునే గుణం ఉంది. అందుకే నున్నటి చోట గుండ్రంగా నిలుస్తుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఆ గుణాన్ని తగ్గిస్తాయి. అయితే సబ్బును నేరుగా రంగులో వేయకండి. చిన్న గిన్నెడు నీళ్లలో ఒక్క చుక్క సబ్బు వేసి, నురగ లేకుండా మెల్లగా తిప్పి, ఆ నీళ్లనే రంగులో కలపండి. ఎక్కువైతే నురగ బుడగలు ఆరిపోయి గోడ మీద చిల్లుల్లా కనిపిస్తాయి. ఇంకో మాట. మా ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. బకెట్టు అంచున తెల్లగా పేరుకునేది గోడ మీదా పేరుకుంది. అందుకని తాగే ఫిల్టరు నీళ్లే వాడండి. టర్పెంటైనూ, ఎనామిల్ రంగుల థిన్నరూ మాత్రం ఇందులో పోయకండి. అవి నూనె జాతివి. నీటి రంగుతో కలవవు, విరిగిన పాలలా అవుతాయి.

రంగు విషయంలోనూ నేను తప్పు చేశాను. నీడ అంటే నలుపే అనుకున్నాను. మీ గోడ మూల ఒకసారి చూడండి. అక్కడ నలుపు ఉండదు, అదే గోడ రంగు కొంచెం ముదిరి ఉంటుంది. తెల్ల సున్నం గోడకు వట్టి నలుపు వేస్తే మసి అవుతుంది. బర్న్ట్ అంబర్ అని ముదురు గోధుమ రంగు దొరుకుతుంది. అందులో రవ్వంత అల్ట్రామెరైన్ నీలం కలిపితే మెత్తని బూడిద రంగు వస్తుంది. సున్నం గోడకు అది. జాజు పట్టెకు నీలం లేకుండా వట్టి గోధుమ రంగు చాలు.

ఇక వేసే పద్ధతి. ముందుగా అసలు రంగు రెండు పూతలు వేసి ఒక రాత్రంతా ఆరనివ్వాలి. అట్టతో చేసినదైతే లోపలి వైపు కూడా ఒక పూత వేయాలి, లేకపోతే ఒక పక్కే తడిసి వంకర తిరుగుతుంది. రాళ్ల సందుల్లోకి మాత్రమే కడుగు పోవాలి, గోడకు మరక అంటకూడదు అనుకుంటే ముందు మెరిసే వార్నిషు ఒక పూత వేయండి. నున్నగా ఉంటే రంగు జారి సందులోకి పోతుంది. గోడే పాతబడినట్టు కనిపించాలంటే వార్నిషు లేకుండా మ్యాట్ గోడ మీదే వేయండి.

కుంచెను కడుగులో ముంచి, పాత గుడ్డ మీద ఒకసారి ఒత్తి, సందు మొదట ఆనించండి. ఒత్తి నూనె పీల్చుకున్నట్టు సందు దానంతటదే రంగును లాక్కుంటుంది. గోడను బల్ల మీద పడుకోబెట్టి ఈ పని చేయాలి. ఎక్కువ పడితే శుభ్రమైన తడి కుంచె ఆనించి వెంటనే పీల్చేయండి. ఈ "వెంటనే" అన్న మాట మరిచిపోకండి. ఒకటి రెండు నిమిషాలు దాటితే అది పొరకట్టడం మొదలవుతుంది. ఆరిపోయాక నీళ్లకు రాదు. స్పిరిటుతో తుడిస్తే వస్తుంది కాని, కింది రంగు కూడా లేచిపోతుంది. అప్పుడిక మళ్లీ తెల్లరంగు వేసి మొదటినుంచి మొదలుపెట్టడమే. నేను చేసింది అదే.

ఒక పూత వేశాక అరగంట ఆగండి. తడిమీద ముదురుగా కనిపించేది ఆరాక తేలికవుతుంది. చాలలేదనిపిస్తే మళ్లీ అదే పలచని కడుగు ఇంకో పూత. చిక్కగా ఒక్కసారి వేయడం కంటే పలచగా మూడుసార్లు వేయడం మేలు. కూరలో ఉప్పు సంగతి మనకు ఒకరు చెప్పాలా?

ఇలా రెండో గోడ బాగు చేసుకుంటూ ముందు గదిలో కిటికీ దగ్గర కూర్చున్నాను. దోనె కింద వాననీళ్లు కారిన మరక వేయాలి. మిద్దె ఇళ్ల గోడలకు ఆ చార తప్పకుండా ఉంటుంది. మరక కూడా కొలతలోనే ఉండాలని అమ్మాయి మరీ మరీ చెప్పింది. నాలుగడుగుల పొడవు, నాలుగంగుళాల వెడల్పు చార ఉందనుకోండి, ఒకటికి యాభై కొలతలో అది పొడవు రెండున్నర సెంటీమీటర్లకు లోపు, వెడల్పు రెండు మిల్లీమీటర్లు. అంతకన్నా లావుగా వేస్తే బొమ్మను చూసే కన్ను మోసపోదు. ఈ చారకు గోడను నిలబెట్టి, సన్న కుంచెతో దోనె కింద ఒక బొట్టు పెట్టి కిందికి జారనివ్వాలి. కిందికి పోనుపోను తడి కుంచెతో తేలికచేయాలి.

రెండు దోనెల కిందా సమానంగా వేస్తున్నాను. అత్తగారు మంచినీళ్లకని లేచి అటుగా వచ్చారు. నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు.

"ఆ దోనెకు అంత ఉండదు మ్మే. దానికి నీళ్లు పోవు. వాలు ఇటు ఉండె" అన్నారు.

నేను మారు మాట్లాడకుండా కుడి దోనె కింది చార పీల్చేశాను. ఎడమవైపుది ఇంకో పూత వేశాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"గవాక్షి చుట్టూ పొగ ఉంటాది. వంటిల్లు ఆడనే కదా." వంటింటి మీది గవాక్షి చుట్టూ గోధుమ కడుగు వేశాను. "అరుగు మీద, వాకిలికి ఈ పక్క, మా అత్త ఆనుకుని కూర్చునేది. ఆముదం రాసుకునేది తలకి. ఆడ గోడకి జిడ్డు. ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్లా లేసేది." ఎక్కడో వేలితో చూపించారు. అరుగు మీద కూర్చున్న మనిషి తల ఎంత ఎత్తులో ఆనుతుందో లెక్కవేస్తే, అరుగు మీదినుంచి సెంటీమీటరున్నర. అక్కడ జీలకర్ర గింజంత మరక పెట్టాను. "ఇంగొంచెం" అన్నారు. ఇంకొంచెం పెట్టాను.

తలుపు చూసి నవ్వారు. "ఈ నీలం యాడిది? మేం రంగే వేయలేదు తలుపుకి. పండగపండగకీ నూనె రాసేటోళ్లం." తలుపు రంగే అని ఆవిడ మొదట చెప్పింది నిజమే మరి. కట్టె రంగే తలుపు రంగు. మాకు అర్థం కాలేదు.

నాకు ఉత్సాహం వచ్చింది. సందులన్నిటికీ ఇంకో పూత, గోడ అడుగున ఇంకో పూత, మూలల్లో పాచి, పైన పగులు. చేయి ఆగడం లేదు. అప్పుడు ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇంగ చాలు. ఎక్కువైతే పాడువడిన కొంపైతాది. మేం వచ్చేటప్పుడు అది పాడువడలే. ముందర్రోజు గూడ అలికి ముగ్గేసినా."

సోదరీమణులారా, ఆ మాటతో నా చేతిలో కుంచె ఆగిపోయింది. నేను అప్పటిదాకా మునిగిపోయిన ఇంటిని కడుతున్నాను. ఆవిడకు కావలసింది కాపురం ఉన్న ఇల్లు. రెండింటికీ మరకలు ఉంటాయి. కాని వాననీళ్ల చార, వంట పొగ, ఆముదం జిడ్డు, ఇవి మనుషులు ఉన్న ఇంటి మరకలు. పాచీ పగుళ్లూ ఎవరూ లేని ఇంటివి. ఫోటో చూసి కొలతలు తీయవచ్చు కాని, ఈ తేడా ఆ ఇంట్లో బతికినవాళ్లే చెప్పాలి. నేను గబగబా తడి కుంచెతో చివరి పూత పీల్చేశాను. పచ్చిగా ఉంది కనక వచ్చేసింది. పగులు మీద తెల్లరంగు వేశాను. గడప ముందు సూదిమొనతో ఒక చిన్న ముగ్గు పెట్టాను. అది ఏ ముగ్గో ఆవిడే చెప్పారు.

మీ ఇంట్లో మునిగిపోయిన ఇల్లు లేకపోవచ్చు. కాని పిల్లల బడి ప్రాజెక్టులు ఉంటాయి. బొమ్మల కొలువులో పెట్టే చిన్న ఊరు, బావి, బండి ఉంటాయి. రంగు కొత్తగా వేసిన మట్టిబొమ్మ చీర మడతలు కనపడకుండా ఉంటే, ఒక్క పలచని కడుగుతో ప్రతి మడతా లేస్తుంది. అయితే అమ్మమ్మల కాలంనాటి పాతబొమ్మల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి రంగు నీళ్లకు కరిగేది కావచ్చు. వాటికి రావలసిన పాతదనం ఎలాగూ వచ్చింది.

చివరగా నాలుగు జాగ్రత్తలు. రంగు కలిపే గిన్నెలు మళ్లీ వంటింట్లోకి తేవద్దు. కుంచె మొన సన్నబడటానికి పెదవులతో తడిపే అలవాటు మానండి, పిల్లలచేత మాన్పించండి. కొన్ని రంగుపొడులు విషం. కుంచెను ముందు పాత కాగితానికి తుడిచి, తరవాత డబ్బా నీళ్లలో కడగండి. ఆ నీళ్లు సింకులో పోయకుండా ఒక రోజు కదపక ఉంచితే రంగు చాలావరకు అడుగున పేరుకుంటుంది. పైతేట వంచేసి, మడ్డిని కాగితంలోకి ఎత్తి చెత్తలో వేయండి. కలిపిన కడుగు ఏ రోజుది ఆ రోజే వాడుకోండి. వాడేటప్పుడు కూడా మధ్యమధ్య కలుపుతూ ఉండండి, అడుగుకు దిగిపోతుంది. అన్నిటికన్నా ముందు, అసలు బొమ్మ మీద కాకుండా మిగిలిన అట్టముక్క మీద వేసి చూసుకోండి. ఆ ఒక్క పని నేను చేసి ఉంటే వెనక గోడ దక్కేది.

ఆ ఇల్లు ఇప్పుడు మా ముందు గదిలో గాజు పెట్టెలో ఉంది. సెలవుల్లో అమ్మాయి వచ్చి చూసి, జిడ్డు మరక దగ్గర వేలు పెట్టి "ఇదేమిటమ్మా, ఇక్కడ తుడవలేదు" అంది. నేను నోరు తెరిచేలోగా అత్తగారు అందుకున్నారు. "అది మా అత్త తల. ఉండనీ" అన్నారు. ఆ పూట భోజనాలు ఆలస్యమయ్యాయి. ఆవిడ ఊరి సంగతులు చెబుతూనే ఉన్నారు, అమ్మాయి రాసుకుంటూనే ఉంది. బావి ఎక్కడ, చాకిరేవు ఎక్కడ, ఎవరి ఇంటి పక్కన ఎవరిల్లు. పక్కిల్లు కూడా చేయాలట. అందులో ఉన్నావిడ గోడకు పిడకలు కొట్టేదట.

పిడకల మరకకు ఏ రంగు కలపాలో నేను ఆలోచిస్తున్నాను. నీళ్లు మాత్రం చుక్కల లెక్కనే పోస్తాను.